చిన్నాయన గీతలు, అవ్వ బొట్లు

పోయిన నెల నెల్లూరు నుంచి ఒక కుర్రవాడు గూడూరులో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. మర్యాదస్తుడే. చెప్పులు బయట విప్పి, ఇచ్చిన మజ్జిగ వద్దనకుండా తాగి, సంచిలోంచి ఆహ్వాన పత్రిక తీసి రెండు చేతులతో అందించాడు. మా చిన్నాయన ఎప్పుడో వేసిన పట్నం బొమ్మలన్నీ పోగుచేసి ప్రదర్శన పెడుతున్నారట. మనిషి పోయి ఇన్నేళ్లకైనా ఒకరికి ఆ బుద్ధి పుట్టిందే అని సంతోషపడబోయాను. పత్రిక తిప్పి చూసేసరికి ఆ సంతోషం అక్కడికక్కడే చచ్చింది. ప్రదర్శన పేరు ‘ఎర్రచుక్క’. కింద ఒక ఆడమనిషి ముఖం. దాన్ని ఎంత పెద్దది చేశారంటే నుదుటి బొట్టు తప్ప ఇంకేమీ కంటికి ఆనడం లేదు. ఆ బొట్టు మా చిన్నాయన పెట్టింది కాదు నాయనా అన్నాను. అతను ముచ్చటగా నవ్వి, సభలో మీరు ఇలాంటి విశేషాలే రెండు చెప్పాలమ్మా అన్నాడు. విశేషమట. చిన్నపిల్లప్పటి నుంచి నేను కడుపులో పెట్టుకుని ఉడికిపోతున్న సంగతి అతనికి విశేషంగా వినిపించింది. అతను వెళ్లేసరికి పొయ్యి మీద పాలు పొంగిపోయి ఉన్నాయి. వాటినీ తిట్టాను.

మా సొంతూరు కోట. అక్కడినుంచి సముద్రం కంటికి కనిపించదు గానీ మధ్యాహ్నం దాటి గాలి తూర్పుకు తిరిగితే ఇంట్లో ప్రతి వస్తువూ చెమర్చేది. గొళ్లేలు తుప్పు పట్టేవి, అప్పడాలు మెత్తబడేవి, కాయితాలు ముడుచుకుపోయేవి. అందుకని మా ఇంట్లో కాయితం అన్నది ఏదైనా, పొలం దస్తావేజులైనా జాతకాలైనా, బియ్యం గుమ్మిలోకి చేరాల్సిందే. మొలగొలుకుల బియ్యం మధ్యలో పెడితే వానాకాలంలో కూడా గలగలలాడుతూ ఉండేవి. చిన్నాయన బొమ్మల చుట్టకూ అదే చోటు. తెల్లవారి ఎసట్లోకి బియ్యం తీయబోయిన అవ్వ చేతికి ఆ చుట్ట తగిలితే, నీ పట్నం అడ్డమొస్తా ఉండాది రాఘవా అని వంటింట్లోంచి కేకేసేది. ఈ రోజుకీ కొత్తబియ్యం వాసన వేస్తే నాకు దాని వెనకే ఇండియన్ ఇంకు ఘాటు ముక్కుకు తగిలినట్టుంటుంది. ఆ రెండు వాసనలూ నాకు విడివిడిగా తెలియవు.

అవ్వ అంటే మా నాయన తల్లి. ఇంట్లో పెత్తనమంతా ఆమెదే. తాత పొలం చూసుకునేవాడు, మా నాయన తాతను చూసుకునేవాడు, వాళ్లిద్దర్నీ అవ్వ చూసుకునేది. బొట్టు విషయంలో అవ్వ మహా పట్టుదల మనిషి. కోడి కూయకముందే లేచి, ముఖం కడిగి, నుదుట మైనం రాసి, దాని మీద కుంకం గుండ్రంగా అద్దుకుని గాని ఎవరి ముఖమూ చూసేది కాదు. మా అమ్మ పొయ్యి దగ్గర చెమటకు బొట్టు చెదరగొట్టుకుని కూర్చుంటే, ఒక్క మాటా అనకుండా వచ్చి తన వేలితో సరిచేసి పోయేది. స్కూలుకు పోయే నన్ను వీధి మలుపు నుంచి వెనక్కి పిలిపించి బొట్టు పెట్టి పంపిన రోజులు ఎన్నో ఉన్నాయి. బోసి నుదురు చూస్తే ఆమెకు ఆ పూట అన్నం సయించేది కాదు. అది మూఢత్వం అని ఇప్పుడు ఎవరైనా అంటే నేను ఊరుకోను. మా అందరినీ ఆమె ప్రేమించిన పద్ధతి అది. చిక్కంతా అక్కడే వచ్చింది.

చిన్నాయన మద్రాసులో బొమ్మల చదువు చదివాడు. మా వైపు మద్రాసు అనేవాళ్లు తక్కువ, పట్నం అంటే అదే. సెలవులకు వచ్చిన మర్నాడు పొద్దున ఆయన వసారాలో చాప పరిచి, గాలికి లేవకుండా కంచు చెంబులు బరువు పెట్టి, ఆ ఏడాది వేసిన బొమ్మలు పరిచేవాడు. రంగులు లేవు. నల్ల సిరా, కలం, తెల్లకాయితం, అంతే. వీధి కొళాయి బొమ్మ నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. వరసగా ఆడవాళ్లు, చంకన బిందెలు. ఎవరికీ కళ్లూ ముక్కూ లేవు. ముఖం అంటే ఒక వంపు, అంతే. బిందె మోసి మోసి ఒక పక్కకు ఒరిగిపోయిన నడుములు అన్నీ ఒకే గీతలో దిగాయి. ఆ గీత మొదటి ఆమె భుజం దగ్గర బయల్దేరి, చేతుల మీదుగా, బిందెల మీదుగా, చివరి ఆమె మడమ దాకా కలం ఎత్తకుండా సాగింది. అందరి ఒళ్లూ కొళాయి వైపు వాలి ఉన్నాయి. కొళాయి కింద మాత్రం ఏమీ లేదు, తెల్లగా వదిలేశాడు. నీళ్లు రాలేదన్నమాట. ఆ సంగతి చెప్పడానికి ఆయన అక్కడ కలమే పెట్టలేదు.

ఇంకొకదాంట్లో బస్సు కోసం నిలబడ్డ జనం. బస్సు లేదు, రోడ్డు లేదు. మెడలు ఉన్నాయి. అన్ని మెడలూ ఒకే పక్కకు సాగి ఉన్నాయి. ఒక్క ముసలాయన మెడ మాత్రం కిందికి వాలిపోయి ఉంది. ఆయన ఆశ వదులుకున్నాడు. ఒక కాఫీ హోటలు బొమ్మలో సర్వరు చెయ్యి తప్ప సర్వరు లేడు, ఆ చేతి మీద వరసగా గ్లాసులు. బల్ల ముందు కూర్చున్నవాళ్లకు సర్వరంటే ఆ చెయ్యే కదా. రిక్షా మనిషి తన రిక్షాలోనే పడుకుని నిద్రపోతుంటే బయటికి కనిపించే రెండు అరికాళ్లు మరో బొమ్మ. రిక్షా మొత్తానికి మూడు గీతలు పెట్టి, ఆ అరికాళ్ల పగుళ్ల మీద మాత్రం ఆయన ఓపికంతా ధారపోశాడు. నేను అప్పటికి గూడూరు దాటి ఎరగను. అయినా పట్నంలో ఎండ ఎట్లా ఉంటుందో, జనం ఎంత విసిగిపోయి ఉంటారో, ఆ గీతల్లోంచి నాకు తెలిసింది. వీళ్లకు మొగాలెందుకు లేవు చిన్నాయనా అని ఒకసారి అడిగాను.

“పట్నంలో ఎవురి మొగం ఎవురు చూస్తారమ్మణ్ణీ” అన్నాడు.

ఇంట్లో ఇంకెవరికీ ఆ బొమ్మలు బొమ్మలుగా ఆనలేదు. మా అమ్మ పాపం ప్రతిసారీ వంటింటి గుమ్మంలో నిలబడి, బాగుండాయి గానీ ఎప్పుడు పూర్తిచేస్తావబ్బయ్యా అని అడిగేది. మా గోడల నిండా రంగు క్యాలెండర్లు, వాటిలో దేవుళ్లు నీలం ఒంటితో, పచ్చని పట్టుతో నిండుగా ఉండేవాళ్లు. వాటి పక్కన చిన్నాయన పనులు అందరికీ సగంలో ఆగిన కట్టడాల్లాగా కనిపించేవి. తాతకు వేరే బెంగ. చదువు అయిపోయి ఏడాది దాటింది, ఉద్యోగం లేదు. బుచ్చిరెడ్డిపాలెంలో అవ్వ తమ్ముడికి బియ్యం మిల్లు ఉండేది. అక్కడ బస్తాల లెక్క రాసే కుర్చీ చిన్నాయన కోసం ఖాళీగా పెట్టి ఉంచారు. తాత కఠినుడు కాడు. ఆ ఎండాకాలం దాటేదాకా చూస్తాను, అప్పటికీ బొమ్మలతో ఏదీ కుదరకపోతే మిల్లుకు పోవాలి అన్నాడు. చిన్నాయన ఒప్పుకున్నాడు. సరిగ్గా అప్పుడే పట్నంలో ఒక వారపత్రిక వాళ్లు, నగర జీవితం మీద వారం వారం ఒక పేజీ బొమ్మలు వేయడానికి మనిషి కావాలన్నారు. ఫలానా తేదీలోగా బొమ్మలు పంపితే చూసి, నచ్చినవాణ్ణి ఉద్యోగంలో పెట్టుకుంటారట. ఆ కబురు వచ్చిన రోజు నుంచి ఆయన తిండీ నిద్రా మరిచి, పాతవాటిలో ఏవి పంపాలో ఏరుకుంటూ, కొన్నింటిని మళ్లీ కొత్తగా వేసుకుంటూ గడిపాడు. ఆ చుట్ట ఎటు తిరిగితే ఆయన బతుకు అటు తిరగాలి. పిల్లదాన్నైన నాకు కూడా ఆ సంగతి తెలుసు.

బొమ్మలు పంపాల్సిన వారంలో చిన్నాయనకు అమ్మవారు పోసింది.

ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు గానీ, అమ్మవారు ఉన్న ఇంటి కట్టుబాట్లు ఇంతా అంతా కావు. గుమ్మానికి వేపమండలు కట్టేవాళ్లు. తాలింపు వాసన లేవకూడదు, చేపలు గడప తొక్కకూడదు. ఇంట్లోంచి గుప్పెడు ఉప్పు కూడా బయటికి పోకూడదు. తల్లి చల్లబడి, రోగి తలకు పోసుకునే దాకా ఒకరికి ఇచ్చేదీ లేదు, ఒకరి దగ్గర తెచ్చేదీ లేదు. చిన్నాయన లోపలి గదిలో వేపాకు పరుపు మీద పడుకుని, నన్ను ఏమైనా చేయండి గానీ ఆ బొమ్మలు పోస్టులో వేయండని ఏడ్చినంత పని చేశాడు. అవ్వ ముందు ఒప్పుకోలేదు. ఇంట్లో తల్లి కొలువై ఉండగా వస్తువు గడప దాటితే బిడ్డ ప్రాణానికే చేటు అని ఆమె భయం. ఒక రాత్రంతా ఆలోచించుకుని, పొద్దున దేవుడి గూటి ముందు కూర్చుని లేచి, అమ్మవారికి చెప్పుకున్నాను, పసుపు కుంకాలతో సాగనంపితే తల్లి తప్పు పట్టదు అని తేల్చింది. అవ్వ తన జన్మలో ఒక కట్టుబాటు తప్పింది ఆ ఒక్కసారే. అది కొడుకు కోసం. ఆ ముక్క మరిచిపోతే నేను ఆమెకు అన్యాయం చేసినదాన్నవుతాను.

ఆ మధ్యాహ్నం అవ్వ చుట్ట విప్పి, మొదటిసారిగా ఆ బొమ్మల్ని ఒక్కొక్కటే ముందు పెట్టుకుని చూసింది. చూసి నిలువునా భయపడింది. మా వైపు తెల్లకాయితం మీద ఒట్టి నల్ల సిరాతో, పసుపు లేకుండా వచ్చేది చావు కబురు కార్డు ఒక్కటే. దాన్ని ఇంట్లోకి కూడా తేరు, బయటే చదివి చించి పారేస్తారు. కొడుకు బతుకుతెరువు కోసం పోయే కాయితాలు ఆ వేషంలో పోవడమా అనిపించి ఉంటుంది. గిన్నెలో పసుపు తడిపి, శుభలేఖకు పెట్టినట్టు ప్రతి బొమ్మకీ నాలుగు మూలలా అద్దింది. అంతటితో ఆగినా బాగుండేది. కొళాయి బొమ్మ దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది. ఇంతమంది ఆడవాళ్లు, ఒక్కరికీ బొట్టు లేదు. కుంకం రంగరించి, కొబ్బరి ఈనె కొన ముంచి, ఒక్కొక్క నుదుటా చుక్క పెట్టడం మొదలుపెట్టింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

“అవ్వా, చిన్నాయన పెట్టలా గదా” అన్నాను.

“మొగోడు. వాడికేం తెలస్తాది. మరిచిపొయ్యుంటాడు.”

వీపు తప్ప ముఖం కనిపించని ఒక ఆడమనిషి దగ్గర మాత్రం ఈనె ఎత్తి కాసేపు ఆలోచించింది. ఈమె అటు తిరిగుండాదిలే, ఆ పక్కనుంటాది బొట్టు అని తనకు తనే చెప్పుకుని ఆమెను వదిలేసింది. ఆ బొమ్మలన్నిటిలో మా అవ్వ చేతినుంచి తప్పించుకున్న నుదురు అదొక్కటే. కళ్లూ ముక్కూ లేని ఆ వంపుల మీద ఎర్రచుక్కలు చూస్తే, లోపల పడుకున్న చిన్నాయన ఒంటి మీది పొక్కులు వీళ్లకూ అంటుకున్నట్టు ఉంది. కొళాయి కింద వదిలిన తెల్లచోటు కోసం వెతికాను. అది అక్కడే ఉంది, కానీ చూపు అక్కడికి పోవడం మానేసింది. చుక్క మీది నుంచి చుక్క మీదికి గెంతుతోంది. నాకు ఏడుపు వచ్చింది, ఎందుకో చెప్పడం చేతకాలేదు. అమ్మవారు పోసిన గదిలోకి పిల్లల్ని పోనిచ్చేవాళ్లు కాదు. మా నాయన దగ్గరికి పరిగెత్తి చెబితే, మీ అవ్వ చేసిందాంట్లో చెడు ఉండదు లేమ్మా అని, చుట్ట తీసుకుని పోస్టాఫీసుకు వెళ్లిపోయాడు.

తల్లి చల్లబడింది. చిన్నాయనను పెరట్లో పీట మీద కూర్చోబెట్టి, వేపాకు నీళ్లు తలకు పోసింది అవ్వ. నీళ్లు పోస్తూ, ఒళ్లు తుడుస్తూ, ఎంతో సంతోషంగా తనే చెప్పేసింది. నీ బొమ్మలు పోస్టులో పొయ్యినాయి, నువ్వు మరిచిపోయిన బొట్లు కూడా పెట్టి పంపించినా అంది. చిన్నాయన నీళ్లు కారే తలను అట్లాగే పైకెత్తి చూశాడు.

“ఎన్నిటికి పెట్నావమ్మా?”

“అన్నిటికీ. ఒక్కదాన్ని వదల్లా.”

కేకలు వేస్తాడని, కనీసం తల బాదుకుంటాడని నేను ఎదురుచూశాను. తువ్వాలు అందుకుని తల తుడుచుకున్నాడు, చాలాసేపు తుడుచుకున్నాడు. ఆ తరవాత ఆయన బుచ్చిరెడ్డిపాలెం పోవడానికి బట్టలు ఉతికించుకున్నాడు. అవ్వ మాత్రం పోస్టుమాన్ కోసం వీధి అరుగు మీద కాచుకుని కూర్చునేది.

పట్నం రమ్మని కార్డు వచ్చింది. చిన్నాయన వెళ్లి, ఉద్యోగంతో తిరిగొచ్చాడు. ఎడిటరుగారు ఏమన్నారో ఆ సాయంత్రం వసారాలో అందరి ముందూ చెప్పాడు. ఆ పత్రికలో అట్ట లోపలి పేజీకి నలుపుతో పాటు ఎరుపు కూడా పడేదట. ఆ ఎరుపును అందరూ హెడ్డింగు కింద గీతకో, పక్కన పువ్వుకో వాడి పారేసేవాళ్లు. బొట్టుకు వాడాలని ఇంతవరకు ఎవడికీ తట్టలేదయ్యా అని మెచ్చుకున్నారట. పేజీ నీదే, కానీ ప్రతి వారం ఆ ఎర్రచుక్క ఉండాల్సిందే అన్నారట. గీత గురించి ఏమన్నారని నేనొక్కదాన్నే అడిగాను. ఆయన నా వైపు చూసి, ఏమీ అనలేదమ్మణ్ణీ అన్నాడు. నాలుగు మూలల పసుపును మాత్రం దారిలో ఏదో మరక తగిలిందనుకుని కత్తిరించేశారట. ఇల్లంతా పండగ చేసుకుంది. చాన్నాళ్ల తరవాత మా ఇంట్లో మామిడికాయ వేసిన చేపల పులుసు ఉడికింది. అవ్వ అయితే కోట నుంచి చిట్టమూరు దాకా తెలిసిన ప్రతి గడపా ఎక్కి, బొమ్మలు వాడివి, బొట్లు నావి అని చెప్పుకుంది. అందరూ ఆమెను మెచ్చుకున్నారు. నా కోపం ఎవరి మీద చూపించాలో నాకు తెలియలేదు, ఇప్పటికీ తెలియదు.

కొన్నేళ్లకు కాలేజీ చదువుకు నేనూ పట్నం వెళ్లాను. ఆదివారాలు చిన్నాయన హాస్టలుకు వచ్చి నన్ను ఊరు తిప్పేవాడు. చూసిన ప్రతిదీ నాకు ముందే తెలుసు. ఆ మెడలు తెలుసు, ఆ సర్వరు చెయ్యి తెలుసు. కాఫీ తాగుతూ ఆయన ఏ చిల్లర కాయితం మీదో ఒక గీత లాగితే, ఎదుటి బల్ల దగ్గర పేపరు చదివే మనిషి విసుగంతా అందులోకి వచ్చి కూర్చునేది. బిల్లుతో పాటు ఆ కాయితాన్నీ అక్కడే వదిలేసి లేచేవాడు. పత్రికలో పడేవి వేరు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ బొమ్మలు చుక్క కోసమే పుడుతున్నాయని నాకు కనిపించింది. వెనక్కి తిరిగిన ఆడవాళ్లు పేజీలోంచి మాయమయ్యారు. అందరూ నుదురు మన వైపు పెట్టి నిలబడుతున్నారు. మగవాళ్లు మాత్రమే ఉండే చోట్లు, రిక్షాలవాళ్లు, రేవులో మూటలు మోసేవాళ్లు, అసలు రావడం మానేశారు. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. ఆ బొట్లు మా అమ్మ పెట్టింది, నాకవి వద్దు అని ఎడిటరుకు ఒక్క మాట చెబితే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా అన్నాను. ఆయన కాఫీ గ్లాసు పక్కన పెట్టాడు.

“చెప్పి, చుక్కల్లేకుండా ఏసినాననుకో. మీ అవ్వ చూసి ఏమని అడగతాది? నేను చేసింది తప్పా రాఘవా అని అడగతాది. నేనేం చెప్పేది?”

“మరి నీ గీత?”

“గీత యాడికి పోతాది. చుక్క కింద ఉండనే ఉండాది గదా.”

ఆ జవాబు నాకు నచ్చలేదు. ఉంది, నిజమే, చూసేవాడెవడు? తల్లి మనసు నొప్పించకూడదని ఒక మనిషి తన చేతిని తనే కట్టేసుకుంటే, దాన్ని త్యాగమని పొగడడానికి నాకు నోరు రాలేదు. ఆ రోజు నేను కాఫీ సగంలో వదిలేసి, హాస్టలు దాకా ఆయనతో మాట్లాడకుండా నడిచాను.

ఆ తరవాత తాత పోయాడు. మైనం బరిణె, కుంకం బరిణె దేవుడి గూటికి చేరాయి. అరవై ఏళ్లు దాటిన మనిషి, తెల్లవారి లేచి ముఖం కడుక్కోగానే, అలవాటు చొప్పున చెయ్యి నుదుటి దాకా పోయి, ఆగి, జుట్టు సర్దుకున్నట్టు చేసి కిందికి దిగేది. నేను సెలవులకు వెళ్లినప్పుడు అది చూశాను, చూడనట్టు తిరిగిపోయాను. అవ్వకు చదువు రాదు. అయినా వారపత్రిక వచ్చే రోజున బస్సు వేళకు అరుగు మీద కూర్చునేది. పత్రిక రాగానే చిన్నాయన పేజీ తీయించుకుని, ఒక్కొక్క ఆడమనిషి నుదుటి మీదా వేలు పెట్టి చూసుకునేది. నా మొగాన పొయ్యినా నా బిడ్డ మరవలేదు అనేది. ఆ మాట విన్నాక చిన్నాయన చుక్క మానడం ఇక ఏ జన్మకీ జరగదని నాకు అర్థమైంది. నా కోపం అప్పుడు తగ్గిందని రాస్తే చదవడానికి బాగుంటుంది. తగ్గలేదు. చెప్పుకునే వీలు లేక ఇంకా లోపలికి పోయింది.

అవ్వ పోయినప్పుడు నేను కోటలోనే ఉన్నాను. పెద్దదినం కర్మ ముగిసి బంధువులంతా వెళ్లిపోయిన సాయంత్రం చిన్నాయన వసారాలో చాప వేసుకుని కూర్చున్నాడు. కలం తీశాడు. నేను స్తంభానికి ఆనుకుని చూస్తున్నాను. అవ్వ బస్సు కోసం అరుగు మీద కూర్చునే తీరు, మోకాలు పైకి లేపి దాని మీద గడ్డం ఆనించి, ఆ ఒంటి మడత అంతా ఒకే గీత. మడమ దగ్గర మొదలై, వంగిన వీపు మీదుగా ఎక్కి, తల చుట్టి ముందుకు దిగింది. నుదుటి దగ్గరికి వచ్చేసరికి కలం పైకి లేచింది. ఎప్పుడూ కలం ఎత్తని మనిషి అక్కడ ఎత్తి, వడ్లగింజంత మేర ఒట్టి కాయితం వదిలి, మళ్లీ ముక్కు దగ్గర ఆనించి మోకాలి దాకా తెచ్చి ముగించాడు. నుదుటికి గీతే లేదు. ఆ చిన్న సందులో తాత పోవడమూ, ఆ ఉదయాలూ, ఆమె చెయ్యి ఆగిపోయిన చోటూ అన్నీ ఉన్నాయి. ఇక ఎవరికీ సమాధానం చెప్పుకోనక్కర్లేదు కదా, ఇన్నేళ్లకు ఆయన తన బొమ్మ తను వేశాడు. ఈ వారం ఇదే పోవాల అన్నాడు. నేను ఏడ్చాను. అవ్వ కోసం ఏడుస్తున్నానని ఆయన అనుకున్నాడు. సగం నిజం.

పత్రిక వచ్చింది. పేజీ తీశాను. అవ్వ నుదుటి మీద, ఆ సందులో సరిగ్గా కొలిచి పెట్టినట్టు, ఎర్రచుక్క.

చిన్నాయన ప్రెస్సుకు వెళ్లి అడిగాడట. అచ్చు పని చూసే పెద్దాయన, తల్లి పోయిన దుఃఖంలో మీరు మరిచిపోయినట్టున్నారు సార్, ఎర్ర అచ్చు ఎక్కించేముందు నేను గమనించి చేర్పించాను, లేకుంటే పేజీ పరువు పోయేది అని చెప్పాడట. ఎంతో అభిమానంగా చెప్పాడట. చిన్నాయన ఆయనకు నమస్కారం పెట్టి వచ్చేశాడు. అసలు బొమ్మ అడిగితే, బ్లాకు చేశాక అక్కడే ఎక్కడో పోయిందన్నారు. కోటలో చుట్టాలు ఆ పేజీ చూసి, అదృష్టవంతురాలు, కొడుకు ముత్తైదువలాగా సాగనంపినాడు అని కళ్లు తుడుచుకున్నారు. ఉద్యోగం మానేస్తాడేమో అనుకున్నాను. మానలేదు. ఇద్దరు పిల్లలు, అద్దె ఇల్లు. రిటైరయ్యే దాకా వారం వారం చుక్కలు పెట్టాడు. కాఫీ హోటళ్లలో కాయితాల మీద గీయడం మాత్రం ఆ ఏడాదే ఆగిపోయింది.

మొన్న ప్రదర్శనకు వెళ్లాను. నెల్లూరులో ఆ హాలు చేరడానికే సగం పూట పట్టింది. రోడ్డు నిండా బండ్లు, ప్రతి గోడ మీదా ఇంతింత మనుషుల రంగు బొమ్మలు, కన్ను పెట్టడానికి ఒక్క ఖాళీ చోటు లేదు. ఆ రోజుల్లో మా వాళ్లు గోడకు నాలుగు క్యాలెండర్లు కొట్టుకుని అదే నిండుదనం అనుకున్నారు, వాళ్లను ఏమనగలను? ఇప్పుడైతే ఏ మూలా తెల్లగా మిగలనివ్వరు. హాల్లో పిల్లలు ఫోనులు పట్టుకుని చుక్క చుక్క దగ్గరా ఆగుతున్నారు. ఒకాయన మైకులో, ఈ ఎర్రచుక్క నగరంలో స్త్రీ ఆత్మగౌరవానికి ప్రతీక అని పావుగంట చెప్పాడు. నా వంతు వచ్చినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పాను, వేపాకు, కొబ్బరి ఈనె, పసుపుతో సహా. అందరూ కడుపుబ్బ నవ్వి చప్పట్లు కొట్టారు. అయితే అవ్వగారు కూడా కళాకారిణే అన్నమాట అని ఆ మైకాయన ముగించాడు.

కిందికి దిగేసరికి ఆ కుర్రవాడు ఫోటో కోసం నన్ను చివరి గోడ దగ్గరికి తీసుకెళ్లాడు. అక్కడ అవ్వ పేజీని మనిషి ఎత్తున పెద్దది చేసి కట్టారు. అంత పెద్దది చేయడం వల్ల ఒక మేలు జరిగింది. చుక్క వెనక గీత తెగిన చోటు స్పష్టంగా కనిపిస్తోంది. అతని చెయ్యి పట్టుకుని ఆ చోటు చూపించాను. ఇది ఆయన ఖాళీగా వదిలాడు నాయనా, ఆ ఉద్యోగంలో చేరాక ఆయన వదిలిన ఖాళీ ఇదొక్కటే, దాన్నీ పూడ్చేశారు అన్నాను. అతను వినయంగానే విన్నాడు. విని, బొమ్మను పైనుంచి కిందికి ఒకసారి చూశాడు.

“నిజమే కావచ్చమ్మా. కానీ చుక్క తీసేస్తే ఇందులో ఇంకేముంది, ఒక గీత తప్ప?”

“ఆ గీతే మా అవ్వ” అన్నాను.

అతను తల ఊపి, నాలుగడుగులు వెనక్కి వేసి, ఫోను ఎత్తి పట్టుకున్నాడు. ఒక కన్ను మూసి చూసి, ఫోను దించి, కొంచెం పక్కకు జరగండమ్మా, మీ తల అడ్డమొచ్చి చుక్క కనపడ్డం లేదు అన్నాడు.

నేను జరగలేదు.